ఎవరూ లేని బావి

మొన్న సంతలో మిరపకాయలు కొంటుంటే, అమ్మే ఆమె మాటల మధ్య తనది అయిజ అని చెప్పింది. అయిజ పేరు వినగానే ఊరుకోలేకపోయాను. ఎడమ చెవి సగం కాలిపోయిన ఒక దయ్యాల తాత ఉండాలి మీ ఊళ్ళో, బాగున్నాడా అని అడిగాను.

ఆమె తూకం ఆపి నా మొహంలోకి చూసింది. "ఆయన్నా? పోయిండు గదమ్మా ఎండకాలంల. నిప్పు లేకుంటనే సాగదోలిండ్రు. పాడె ముందట నిప్పుకుండ పట్టద్దని బతికున్నప్పుడే ఒట్టు పెట్టించుకున్నడంట" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఆయన మీకెట్ల ఎరుక? మీకు గిట్ట ఏమన్న పట్టిందా?"

"పట్టిందన్నారు, ఒకప్పుడు" అన్నాను.

ఆమె ఒక గుప్పెడు మిరపకాయలు ఎక్కువే వేసింది గానీ సంచీ నా చేతికివ్వలేదు. నేల మీద పెట్టి చేయి వెనక్కి తీసుకుంది.

ఆయన పేరు నాకు ఎన్నడూ తెలియలేదు. కొత్తకోటలో పెద్ద రోడ్డు పక్కన మా అత్తవారిల్లు. ఆ ఇంట్లో అందరూ ఆయన్ను అయిజాయన అనేవాళ్ళు. హిందువో ముసల్మానో కూడా మా అత్తకు చివరిదాకా అంతుబట్టలేదు. మెడలో ఎల్లమ్మ గుడి పసుపుకొమ్ము కట్టుకునేవాడు, సంచీలో దర్గా బూడిద పెట్టుకునేవాడు. ఆమె ఒకసారి ధైర్యం చేసి అడిగితే, "దయ్యాలకే లేని పట్టింపు నీకెందుకమ్మా" అన్నాడు.

సన్నగా, కొంచెం వంగి నడిచే మనిషి. మండుటెండలో కూడా నల్ల గొంగడి భుజం దిగేది కాదు. బీడీ ఆరితే ఇంకో బీడీ వెలిగేది. ఎవరింటికి పోయినా కూర్చోబోయే ముందు అరచేత్తో నేలను మెల్లగా తట్టేవాడు, నిద్రపోయే పశువును లేపినట్టు. కన్నడ దేశం దగ్గరి మనిషి గనక వద్దు అనడానికి "బ్యాడ" అనేవాడు, అవును అనడానికి "హౌదు" అనేవాడు. వీటన్నిటికంటే విచిత్రం ఆయన మర్యాద. మనుషుల్ని, ఎంత పెద్దవాళ్ళనైనా, నువ్వు అనేవాడు. దయ్యాలను మాత్రం మీరు అనేవాడు.

"మీరు జర పక్కకు జరుగుండ్రి. బిడ్డకు గాలి ఆడుతలేదు" అని ఖాళీగా ఉన్న మూలకు చెప్పేవాడు. చెప్పి, తల ఒక పక్కకు వంచి, జవాబు వినేవాడు. విన్నంతసేపూ గదిలో ఎవరూ ఊపిరి గట్టిగా తీసేవాళ్ళు కాదు. ఆ మూలలో ఏమీ లేదని తెలిసినా అటువైపు కాలు చాపడానికి మనసొప్పేది కాదు.

ఆయన మా ఇంటికి వచ్చింది నా కోసమే.

అవి యుద్ధం రోజులు. మా ఇంటి గోడకు ఆనుకుని బస్సుల షెడ్డు ఉండేది. దాని యజమానిని ఊరంతా మోటరు షావుకారు అనేది. యుద్ధానికి ముందు ఆ షెడ్డు వెనక చేత్తో తిప్పే పెట్రోలు పంపు ఉండేది. తర్వాత పెట్రోలుకు కరువొచ్చి, సర్కారు చీటీ లేనిదే చుక్క దొరకకుండా పోయింది. బస్సుల వెనక బొగ్గు పొయ్యిలు బిగించి, ఆ పొయ్యిలో పుట్టే గ్యాసుతో నడిపేవాళ్ళు. పంపు పీకేశారు. అది ఉన్న చోట బొగ్గు బస్తాలు పేర్చారు. నేను కాపురానికి వచ్చేనాటికి అక్కడ పంపు ఉండేదన్న సంగతే ఎవరూ అనుకునేవాళ్ళు కాదు.

చెల్లెలి పెళ్ళికని నేను అమరచింతలో మా పుట్టింటికి పోయి, కొన్నాళ్ళుండి తిరిగొచ్చాను. బండి దిగి కాళ్ళు కడుక్కుందామని మా పెరటి బావిలో చేద వేసి తోడాను. బొక్కెన పైకి రాగానే గుప్పున వాసన కొట్టింది. యుద్ధానికి ముందు, ఎండలో నిలబెట్టిన పెట్రోలు బస్సు దగ్గరికి పోతే వచ్చిన వాసన.

"అత్తా, నీళ్ళల్ల బస్సు వాసనొస్తుంది" అన్నాను.

ఆమె దోసిట్లో పట్టి చూసింది, తాగింది కూడా. "ఏ వాసన లేదు. పుట్టింటి నీళ్ళు మరిగొచ్చినవ్" అంది. మామ చూశాడు. మా ఆయన చూశాడు. ఎవరికీ రాలేదు. వాసన కొద్దికొద్దిగా, నేను లేని రోజుల్లో, వాళ్ళ ముక్కుల్లో కాపురం పెట్టింది. నాకు మాత్రం ఒక్కసారిగా ఎదురైంది. ఇదంతా తర్వాత అర్థమైన సంగతి. అప్పుడు మాత్రం ఇంటిల్లిపాదిలో నాకొక్కదానికే వచ్చే వాసన అది.

నీళ్ళు తాగితే కడుపులో తిప్పేది. రొట్టె విరిస్తే అందులోనూ అదే వాసన. నేను వాంతి చేసుకోవడం చూసి అత్త మొదట సంబరపడింది, పక్కింటివాళ్ళకు చెప్పుకుంది. అది కాదని తేలాక ఆమె చూపు మారింది. బావి దగ్గర బట్టలు ఉతుకుతుంటే తల తేలిపోయేది. ఒక మిట్టమధ్యాహ్నం, ఎందుకో తెలియదు, నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయాను. నవ్వుతూ నవ్వుతూ బండ మీదనే పడిపోయానట. లేపి చూస్తే కళ్ళు తెరుచుకునే ఉన్నాయట.

ఆ తర్వాత అందరూ బావిలోకి తొంగిచూడటం మొదలుపెట్టారు. నీళ్ళ మీద నెమలి ఈక రంగులు తిరుగుతున్నాయి. బావి గోడ బొరియల్లో ఎప్పుడూ గుడ్లు పెట్టే పావురాలు లేవు. కప్పలు తెల్లటి కడుపులు పైకి పెట్టి తేలుతున్నాయి. ఎవరో ఆడమనిషి, ఎప్పుడో, అందులో దూకిందన్న మాట ఊళ్ళో ఎక్కడో పుట్టింది. కొద్ది రోజుల్లోనే ఆమె చీర రంగు కూడా అందరికీ తెలిసిపోయింది.

అయిజాయనను పిలిపించారు.

నన్ను నడింట్లో కూర్చోబెట్టి జుట్టు విప్పారు. పక్కన వేపకొమ్మల కట్ట పెట్టారు. అవి ఎందుకో నాకు తెలుసు. అమరచింతలో ఒక పిల్లను ఆ కొమ్మలతో కొట్టడం చూశాను. ఆయన లోపలికి వచ్చి, నేల తట్టి, నా ఎదురుగా కూర్చున్నాడు. వేపకొమ్మల కట్టను కాలితో పక్కకు నెట్టాడు.

"ఏమైతుంది బిడ్డా నీకు?"

ఆ ఇంట్లో అన్ని రోజులూ నన్ను ఎవరూ అడగని మాట అది. నాకేమైందో వాళ్ళే ఒకరికొకరు చెప్పుకున్నారు. నాకు ఏడుపొచ్చింది.

"వాసన" అన్నాను.

"ఏం వాసన?"

"బస్సు వాసన. నీళ్ళల్ల వస్తుంది, రొట్టెల గిట్ట వస్తుంది."

రొట్టె తెప్పించి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "నాకైతే బీడీ వాసన తప్ప ఏం తెలుస్తలేదు" అని నిజాయితీగా ఒప్పుకున్నాడు. "కని నువ్వు అబద్ధం చెప్తలేవు. నీ ముక్కు నమ్ముత."

నమ్మాడు కాబట్టి తన పద్ధతిలో ఆలోచించాడు. మోటరు కింద పడి పోయినవాళ్ళెవరో మా బావిలో కాపురం పెట్టారన్నాడు. దయ్యం నా ఒంట్లో లేదు, బావిలో ఉంది, నన్నెవరూ ముట్టొద్దు అన్నాడు. అత్త ముఖం వాడిపోయింది. నేను అంతకు ముందు ఎవరికీ అంతగా దండం పెట్టుకోలేదు.

దీపాలు పెట్టే వేళకు బావి చుట్టూ జనం చేరారు. ఆయన ఇత్తడి పళ్ళెంలో కర్పూరం వెలిగించి, దాన్ని ఉట్టిలా తాడుకు కట్టి, బావి ఒడ్డున వంగి నిలబడ్డాడు. "అమ్మా, మీరెవరో మాకు తెల్వదు. జర వెలుతురుల కనవడుండ్రి" అంటూ మెల్లగా దించసాగాడు. నేను పెరటి అరుగు మీద నుంచి చూస్తున్నాను. పళ్ళెం బావి ఒడ్డు దాటి లోపలికి దిగింది.

ముందు చప్పుడు వచ్చింది, పెద్ద జంతువు ఏదో ఒక్కసారిగా ఊపిరి వదిలినట్టు. తర్వాత నీలం మంట బావి నోటిదాకా లేచి, ఆయన తలను దాటి, మళ్ళీ లోపలికి పోయింది. జనం అరుచుకుంటూ పరుగెత్తారు. ఆయన వెనక్కి పడ్డాడు. గొంగడి పొగలు కక్కింది గానీ అంటుకోలేదు, అదే ఆయన్ను కాపాడింది. గడ్డం, కనుబొమ్మలు, ఎడమ చెవి పైభాగం కాలిపోయాయి.

పారిపోవలసిన మనిషి లేచి మళ్ళీ ఒడ్డు దగ్గరికి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో చెప్పలేను. లోపల నీళ్ళు మండుతున్నాయి. పైన వేసినదేదో మండటం కాదు, నీళ్ళే మండుతున్నట్టు. బావి లోపలి ప్రతి రాయీ కనిపిస్తోంది. పావురాలు వదిలిపోయిన బొరియలన్నీ కళ్ళలాగా వెలుగుతున్నాయి.

"మీరు ఎవరు?" అని ఆయన లోపలికి అడిగాడు. ఎప్పటిలాగే తల వంచి విన్నాడు. మంట సన్నగా శబ్దం చేస్తోంది. చాలాసేపు విన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. కాలిన ఆ ముఖంలో నేను చూసింది నొప్పి కాదు.

"ఎవ్వరు లేరు బిడ్డా. లోపల ఎవ్వరు లేరు" అన్నాడు.

దయ్యం ఉందన్నప్పుడు కూడా నేను అంత భయపడలేదు.

బావిలో మంట దానంతటదే ఆరింది. ఆయన్ను వనపర్తి దవాఖానకు తీసుకుపోతామంటే బ్యాడ బ్యాడ అన్నాడు. మా పశువుల కొట్టంలోనే పడుకున్నాడు. అత్త కలబంద గుజ్జు రాసేది. ఆ రోజు నుంచి ఆయన నిప్పును దగ్గరికి రానీయలేదు. మా వంటపొయ్యిని ఇంటికి ఆ చివరకు మార్పించాడు. వేడి అన్నం పెడితే చల్లారేదాకా దూరంగా కూర్చునేవాడు. బీడీ మానేశాడు. బీడీ మానిన కొన్నాళ్ళకు ఒక పొద్దున నన్ను కేకేశాడు. ముక్కు పైకెత్తి నిలబడి ఉన్నాడు.

"వస్తుంది. ఇగ నాకు గూడ వస్తుంది" అన్నాడు. అంత సంతోషంగా, అంత దిగులుగా ఒకే మనిషి కనిపించడం అదే మొదటిసారి చూశాను.

అప్పుడు ఇద్దరం వెతకడం మొదలుపెట్టాం. ఆయన నేల తట్టేవాడు, చిటికెడు మన్ను తీసి నా వైపు చాచేవాడు, నేను వాసన చూసి ఉన్నదనో లేదనో చెప్పేదాన్ని. పశువుల కొట్టం దగ్గర లేదు. వీధి వాకిలి దగ్గర లేదు. షెడ్డు గోడ వైపు పోతున్నకొద్దీ ఎక్కువైంది. అక్కడ మా జొన్నల పాతర ఉండేది, గింజలు దాచడానికి నేలలో తవ్విన లోతైన గొయ్యి. మా రొట్టెల పిండి దాంట్లోని జొన్నలదే.

మూత తీయగానే మామ దిగబోయాడు. అయిజాయన చేయి పట్టి ఆపాడు. బావి పూజ కోసం తెచ్చిన నల్లకోడి ఒకటి ఇంకా గంప కింద ఉంది. దాన్ని బుట్టలో పెట్టి తాడుతో దించాడు. అది మొదట అరిచింది, తర్వాత అరవలేదు. పైకి లాగితే మెడ వాలిపోయి ఉంది. ఒంటి మీద గాయం లేదు, ఈక చెదరలేదు. మామ ఆ గొయ్యి ఒడ్డున కూలబడ్డాడు. ఆ జొన్నలే మాకు ఆ ఏడాదంతా తిండి.

ఆయన కట్టెతో నేల మీద గీత గీశాడు. బావి, పాతర, గోడ. గోడ అవతలికి కట్టె చూపించాడు.

"వాండ్ల దగ్గర పెట్రోలు ఏడిది? బొగ్గు బండ్లు గద నడుపుతున్నరు" అన్నాడు మామ.

"గదే చూద్దం" అన్నాడాయన.

మోటరు షావుకారే మా ఇంటికి వచ్చాడు. మండిన బావిని చూడటానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా వస్తున్నారు కదా, ఆయన రాకపోతే బాగుండదు. పెరటి అరుగు మీద కూర్చోబెట్టారు. నేను తలుపు వెనక ఉన్నాను. అయిజాయన ఆయన చేయి తన చేతుల్లోకి తీసుకుని, కళ్ళు మూసుకుని, నాకు కూడా ఒళ్ళు జలదరించే గొంతుతో మాట్లాడాడు.

"నీ దగ్గర ఏదో కరిగిపోతుంది. తాళం తీయకుంటనే పోతుంది. దొంగ దొరుకుతలేడు. పాపం, చౌకీదారును కొట్టి పంపినవ్. వాడు తీయలే. అవునా, కాదా?"

షావుకారు చేయి లాక్కున్నాడు. తర్వాత, మామ ఒక్కడికే వినిపించాలన్నట్టు, మెల్లగా చెప్పాడు. బొగ్గు బస్తాల కింద నేలలో పాత ఇనుప ట్యాంకు అలాగే ఉంది. అందులో పెట్రోలు దాచాడు. అది రోజురోజుకూ తగ్గుతోంది. "బయటవడితే పోలీసులు నన్ను జైల్ల ఏస్తరు. నా పిల్లలు ఆగమైతరు" అన్నాడు. పెద్ద మనిషి, కోటు వేసుకునే మనిషి, చెమటలు కక్కుతున్నాడు.

"నేను పోలీసును గాదు. నాకెందుకు నీ పెట్రోలు? ఈ బిడ్డ నీళ్ళు తాగాలె, నువ్వు మన్ను తవ్వాలె. అంతే" అన్నాడాయన.

షావుకారు పోయాక నేను ఊరుకోలేక అడిగాను. "నీకెట్ల తెలిసింది తాతా? నిజంగ కనవడ్డదా?"

"ఏం కనవడలే. చౌకీదారును కొట్టిన ముచ్చట ఊరంత చెప్పుకుంటుండ్రు. ఇగ మన పెరట్లకొచ్చినోళ్ళంత బావి దిక్కు చూసిండ్రు. ఆయనొక్కడు గోడ దిక్కు చూసిండు."

బావిలో ఎవరూ లేరని మాకు చెప్పిన ఆ నోటితోనే, ఊరికి మాత్రం వేరే మాట చెప్పాడు. బావిలో ఉన్నదాని మూలం షెడ్డు వెనక నేలలో ఉందని, దాన్ని పెకిలించి ఊరి బయట కట్టెయ్యాలని, అది అయ్యేదాకా చుట్టుపక్కల ఇళ్ళలో పగలు పొయ్యి వెలిగించరాదని చెప్పాడు. నాకు కోపమొచ్చింది. "దయ్యం లేదని నువ్వే అన్నవ్ గద" అన్నాను.

"లేదు. కని పెట్రోలంటే సగం మంది సీసలు పట్టుకొని ఉరికొస్తరు. మిగిలినోళ్ళు బీడీ తాగుకుంట చూడనీకె వస్తరు. దయ్యమంటే ఒక్కడు గూడ రాడు. ఎవనికి ఏం గాకుంట ఉండాలెనంటే దయ్యమే ఉండనీ బిడ్డా."

తవ్వారు. షావుకారు బస్సులు బాగుచేసే మిస్త్రీ ముందు ట్యాంకులో మిగిలిన పెట్రోలు తోడి, ట్యాంకును నిండా నీళ్ళతో నింపించాడు, లోపల ఆవిరి మిగలకూడదని. తర్వాత ఆ నీళ్ళు కూడా తోడేశారు. మోకులు కట్టి ఎద్దులతో లాగారు. మెల్లగా పైకొచ్చింది, మట్టి కారుతూ, ఊరంతా దూరం నుంచి చూస్తుండగా. అడుగు భాగం సూది మొనంత కంతలతో జల్లెడలా ఉంది. మా వైపు నేలంతా చౌడు, ఉప్పు మన్ను. అన్నేళ్ళు అది ఇనుమును తిన్నది. ఆ కంతల్లోంచి ఇంకా బొట్లు పడుతూనే ఉన్నాయి. దూరంగా ఎవరో ముసలామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, దయ్యం ఇల్లు అదేనని.

పాత చౌకీదారు కూడా వచ్చాడు చూడటానికి. షావుకారు ఆ కంతలు చూసి, అతని దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఏమన్నాడో వినలేదు. మర్నాటి నుంచి ఆ మనిషి మళ్ళీ షెడ్డు గేటు దగ్గర కనిపించాడు.

ట్యాంకు తీసినంత మాత్రాన వాసన పోలేదు. అక్కడి మన్ను రంగు మారి, నీలంగా, జిగటగా ఉంది. ఎంత తవ్వినా అదే. ఆ మన్నంతా, మా పాతర జొన్నలతో సహా, బండ్లకెత్తి ఊరి బయట రాళ్ళ బీడులో పలచగా పరిచారు. ఎండకు, గాలికి ఆరాలని. జొన్నలు అంత మేర పరిచి ఉన్నా ఒక్క పిట్ట వాలలేదు. అయిజాయన ఆ బీడులోనే రాళ్ళు పేర్చి చిన్న గూడు కట్టుకున్నాడు. పగలంతా పారతో ఆ మన్ను తిరగేసేవాడు. బండ్లవాళ్ళు అటువైపు దారి మానుకుని చుట్టు తిరిగి పోయేవాళ్ళు.

బావి సంగతి వేరు. ఎన్ని బొక్కెనలు తోడినా పైన ఆ రంగుల పొర మళ్ళీ మళ్ళీ చేరేది. ఒకరోజు ఆయన భుజం మీది గొంగడి తీసి, రాళ్ళు కట్టి, నీళ్ళ మీదికి దించాడు. అది లేకుండా ఆయన్ను చూడటం అదే మొదలు. భుజాలు పిల్లవాడి భుజాల్లా ఉన్నాయి. గొంగడి పైకి లాగితే నీళ్ళు జారిపోయాయి. మిగిలింది పిండితే మా కళ్ళు మండాయి. ఉన్ని నీళ్ళను వదిలేసి పెట్రోలును పట్టుకుంది. ఆ తర్వాత ఇంట్లో పాత గొంగళ్ళన్నీ బావిలోకి దిగాయి. పిండటం, బీడులో ఆరేయటం, మళ్ళీ దించటం. అంతకాలం నేను రోడ్డుకు అవతలి బావి నుంచి కుండలు మోశాను. మోసినంతసేపూ నాకు దయ్యం పట్టలేదన్న సంగతి తలకాయ మీద బరువుగా, హాయిగా ఉండేది.

ఆయనకు రొట్టెలు కట్టి పంపడం నా పని. ఒక మధ్యాహ్నం ఎవరూ దొరక్క నేనే తీసుకుపోయాను. ఎండ తెల్లగా ఉంది. దూరం నుంచే ఆయన గొంతు వినిపించింది. పారను పక్కన పెట్టి, ఖాళీ బీడు వైపు తిరిగి మాట్లాడుతున్నాడు. మీరు, మీకు అంటున్నాడు. ఆపి తల వంచి వింటున్నాడు. మళ్ళీ మాట్లాడుతున్నాడు.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్ తాతా?"

ఉలిక్కిపడలేదు. "ఎవ్వరితోని లేదు" అన్నాడు. కూర్చున్నాడు. చేతులకంటిన మన్ను దులుపుకుంటూ, "ఎన్నో ఏండ్లు మాట్లాడిన బిడ్డా. వాండ్లు పలుకుతుండ్రనే అనుకున్న. ఆ దినం బావిల ఎవ్వరు లేరు. మరి అంతకు ముందట గూడ లేరేమో. గప్పుడు నేను ఎవలతోని మాట్లాడిన? నాకు జవాబు చెప్పింది ఎవలు?" అన్నాడు.

రొట్టె మూట విప్పి ఇచ్చాను. ఆయన తింటున్నాడు. గాలి లేదు. అయినా ఎండలో ఆ పరిచిన మన్ను మీద ఏదో సన్నగా వణుకుతోంది, పొయ్యి పైన గాలి వణికినట్టు. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. "ఎవరున్నా లేకున్నా, నడింట్ల నన్ను అడిగినవ్ గద ఏమైతుందని. గప్పుడు నేనున్న" అన్నాను.

ఆయన నమలడం ఆపాడు. "హౌదు" అన్నాడు. "నువ్వున్నవ్."

మరుసటి వానలు పడి వెలిశాక బావిలో రంగులు కనిపించడం మానాయి. కప్పల బెకబెకలు మళ్ళీ వినిపించాయి. మామ తాగుదామన్నాడు. ఆయన ఒప్పుకోలేదు, నన్ను పిలిపించాడు. చేద తోడి దోసిట్లో పట్టాను.

"ఏం వాసన?"

"ఏం లేదు" అన్నాను. అంటుండగానే గుర్తొచ్చింది. అత్త కూడా ఆనాడు అదే మాట అన్నది, దోసిట్లో పట్టి, అంతే ధీమాగా. పోయింది వాసనో, నా ముక్కో?

ఆయన కూడా అదే ఆలోచించినట్టున్నాడు. "నాకు గూడ లేదు. కని ఇద్దరం దీంట్లనే ఉంటిమి. నువ్వు పుట్టింటికి పోయి రా" అన్నాడు.

అమరచింతలో ఉన్నన్నాళ్ళు ప్రతి పొద్దూ మా అమ్మగారి బావి నీళ్ళు ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసుకునేదాన్ని, నీళ్ళకు అసలు వాసన ఎలా ఉంటుందో గుర్తుపెట్టుకోవాలని. తిరిగొచ్చిన రోజు ఆయన బావి ఒడ్డున నిలబడి ఉన్నాడు. ఇంట్లోకి పోకుండా, చెప్పులు కూడా విడవకుండా, నేరుగా వచ్చి చేద వేశాను. రాయి వాసన వచ్చింది. నాచు వాసన, తడిసిన మోకు వాసన వచ్చాయి. ఇంకేదైనా ఉందేమోనని కళ్ళు మూసుకుని వెతికాను. అప్పుడు తాగాను. కడుపునిండా తాగాను. కళ్ళు తెరిచేసరికి అత్త, మామ, మా ఆయన, అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. ఆయన మాత్రం ముఖం అటు తిప్పుకుని కాలిన చెవి తుడుచుకుంటున్నాడు.

ఆ సాయంత్రమే అయిజ దారి పట్టాడు. మామ కొత్త గొంగడి ఇస్తే భుజాన వేసుకున్నాడు గానీ, అది ఆయన మీద ఇంకెవరిదో అయినట్టు ఉండింది. మళ్ళీ నేను ఆయన్ను చూడలేదు. వినడం మాత్రం విన్నాను. దయ్యం పట్టిందని పిలిస్తే ఇప్పటికీ పోతాడని, మూలలతో మాట్లాడటం మానేశాడని, పట్టిన మనిషి ముందు కూర్చుని ఏమైతుందని అడిగి, ఆమె చెప్పేదాకా లేవడని. కొందరు రోజంతా చెప్పరట. అయినా కూర్చుంటాడట. అలా చెప్పిన వాటిలో బావులు తక్కువని, ఎక్కువగా ఇంట్లో మనుషుల సంగతులే బయటపడేవని, అందుకే రానురాను ఆయన్ను పిలిచేవాళ్ళు తగ్గిపోయారని మా చెల్లెలు చెప్పింది.

సంతలో ఆ మాట విన్న మర్నాడు, మేము ఏనాడో వదిలేసిన కొత్తకోటకు పని మీద పోవలసి వచ్చింది. ఊరి బయట ఆ బీడు అలాగే ఉంది. చుట్టూ చేలు వచ్చాయి, దాన్ని మాత్రం ఎవరూ దున్నలేదు. బండ్ల బాట ఇప్పటికీ వంపు తిరిగి దూరంగా పోతుంది. అందులో మోకాలెత్తు గడ్డి, మా వైపు ఎక్కడా లేనంత పచ్చగా. కాపరి ఎక్కడో గట్టు అవతల నిలబడి ఉన్నాడు, మేకలు మాత్రం లోపలికి చొచ్చుకుపోయి మేస్తున్నాయి.

వంపు తిరగలేదు నేను. అడ్డంగా నడిచాను. అక్కడ ఎవరూ లేరని నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ లోకంలో ఇంకెవరూ మిగల్లేదు. మధ్యలోకి వచ్చాక గడ్డి కదిలే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. మేకలు తలలెత్తి, నన్ను కాదు, నా వెనక్కి చూశాయి.

నేను వెనక్కి తిరగలేదు. నడక మాత్రం తొందర చేశాను.